నాకు నేనే వేసుకున్న సూది

ఊళ్ళో నన్ను డాక్టరంటారు. నేను డాక్టర్ని కాను. క్రోసూరు చుట్టుపక్కల ఊళ్ళల్లో గేదెలకూ ఆవులకూ ఎదసూది వేసేవాణ్ణి. గేదె ఎదకొచ్చిందని రైతు ఫోన్ చేస్తే, బండి వెనక నత్రజని క్యాన్ కట్టుకుని వెళ్తాను. మేలుజాతి దున్నపోతు వీర్యం నింపిన సన్నటి గొట్టాన్ని క్యాన్‌లోంచి తీసి, గోరువెచ్చని నీళ్ళల్లో కరిగించి గేదెకు వేస్తాను. మూడు నెలలయ్యాక మళ్ళీ వెళ్ళి, చెయ్యి పెట్టి చూసి, చూడి నిలిచిందో లేదో చెప్తాను. ఇరవై ఏళ్ళుగా ఇదే బతుకు. మా మండలంలో నేను వేసిన సూదికి పుట్టిన దూడలన్నీ ఒక్కచోట తోలితే మా ఊరి బడి ఆవరణ చాలదు.

మరి నా ఇంట్లో ఉయ్యాల లేదు. పెళ్ళయి తొమ్మిదేళ్ళు.

ఊరు ఊరుకుంటుందా? రచ్చబండ మీద కూర్చునే పెద్దాయన ఒకాయన ఉన్నాడు, పెదనాన్నా అని పిలుస్తాను. నా బండి కనబడితే చాలు, ఆయన నోరు దురద పెట్టేది. "ఒరేయ్ డాక్టరా, ఊళ్ళో గొడ్లన్నిటికీ చూడి నిలబెడతన్నావు, నీ ఇంటి సంగతి చూసుకోవేందిరా?" అనేవాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వేవాళ్ళు. నాకు ముక్కు మీద కోపం. "నీ గేదె ఈసారి ఎదకొస్తే నీ నోటితోనే కట్టించుకో పెదనాన్నా" అని అరిచి బండి తోలేవాణ్ణి. అరిచానే గానీ, ఆ మాట సాయంత్రం దాకా గుండెలో గుచ్చుకుంటూనే ఉండేది.

నా కోపం గురించి ఇంకో మాట చెప్పాలి, ఈ కథకంతటికీ అదే మూలం. పాడి చేసేవాళ్ళలో ఒక పాడు అలవాటు ఉంది. దూడ వెళ్ళి పొదుగును కుమ్మితే గేదె పాలు కిందికి వదులుతుంది. దాన్ని మా వైపు చేపడం అంటాం. దూడ చచ్చిపోయినా, గేదె మొండికేసినా చేపదు. అప్పుడు కొందరు ఒక సూది పొడుస్తారు. రెండు నిమిషాల్లో పొదుగు బిగిసి పాలు దిగుతాయి. ఇక ఆ సుఖానికి అలవాటుపడి పొద్దునా సాయంత్రం పొడుస్తూనే ఉంటారు. అది చూస్తే నాకు ఒళ్ళు మండేది, ఊళ్ళో పొడిచినవాళ్ళందరినీ తిట్టిపోసేవాణ్ణి.

మా పక్కింటి పిన్ని కూడా అదే పని చేసింది. ఒకరోజు లబోదిబోమంటూ వచ్చింది.

"అబ్బాయా, దూడ దగ్గరికి పోయినా చేపట్లేదురా. సూది లేకపోతే చుక్క రాలట్లేదు."

"ఎందుకు చేపుద్ది పిన్నీ? దూడ కుమ్మితే ఆ సూదిలో ఉండే మందు దాని ఒంట్లోనే ఊరేది. నువ్వు రోజూ బయటినుంచి పొడుస్తా ఉంటే ఇక దానికి దూడతో పనేంది? ఒళ్ళు ఆ సంగతే మర్చిపోయింది."

"ఇప్పుడెట్టారా మరి?"

"సూది అవతల పారెయ్. దూడని వదులు. పది రోజులు పాలు రాకపోయినా ఏడవబాకు. ఓపిక పట్టు."

"నీకేం, చెప్తావు" అని గొణుక్కుంటూ వెళ్ళింది గానీ, పట్టింది. పన్నెండో రోజున చేపింది. ఆ రోజు సాయంత్రం చెంబుతో జున్నుపాలంత చిక్కటి పాలు తెచ్చి మా గడపలో పెట్టి, "నువ్వు నిజంగానే డాక్టరువిరా" అంది. నేను ఉబ్బిపోయాను. ఎంత ఉబ్బానో అంత దిగాల్సి వచ్చింది తర్వాత.

ఇక నా భార్య సంగతి. ఇంట్లోనే మిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. తనది మాచర్ల. మాట తక్కువ, చూపు ఎక్కువ. తొమ్మిదేళ్ళల్లో తను మింగని మాత్ర లేదు, వేయించుకోని స్కానింగు లేదు. ఎక్కడికి తీసుకుపోయినా పరీక్ష తనకే. నన్ను బయట బెంచీ మీద కూర్చోబెట్టేవాళ్ళు. నాకూ అదే హాయిగా ఉండేది, అబద్ధమెందుకు? గేదె చూడి కట్టకపోతే పదిసార్లు గేదెనే చూస్తాం గానీ దున్నని అనుమానించం గదా అని నాలో నేనే సమాధానం చెప్పుకునేవాణ్ణి. నిజానికి నాకంటే బాగా ఎవరికి తెలుసు, క్యాన్‌లో గొట్టం పాడయితే ఎంత మంచి గేదయినా నిలవదని!

చివరికి మేం పేట అని పిలిచే నరసరావుపేటలో ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. ఆమె మా ఫైలు తిరగేసి, కళ్ళజోడు పైనుంచి నన్ను చూసింది. "ఈమెకి ఇన్ని పరీక్షలు చేశారు. మీకు ఒక్కటి కూడా లేదేంటండీ?"

నా భార్య తల దించుకుని కొంగు చివర మడతపెడుతూ ఉంది. నవ్వు ఆపుకుంటోందని నాకు ఇప్పటికీ అనుమానం.

పరీక్ష అయింది. ఆ చిన్న గదీ, ఆ ప్లాస్టిక్ డబ్బా, బయట వరుసలో కూర్చున్న మగాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా ఫోన్లు చూసుకోవడం... రోజూ ఇతరుల వీర్యంతో బేరం చేసే నాకు ఆ రోజు చెమటలు పట్టాయి. రిపోర్టులో కణాలు ఉన్నాయి గానీ తక్కువ, కదలిక మందకొడి. "భయపడాల్సిందేం లేదు. ఈ మాత్రలు వాడండి, మూడు నెలలు ఆగి మళ్ళీ చూద్దాం" అంది డాక్టరమ్మ.

ఆగడం నా జాతకంలో ఉంటే గదా. పైగా నా బుర్ర నిండా సగం చదువు. విత్తులు కొట్టించిన ఎద్దుకు మగ హార్మోను ఉండదు, అందుకే దానికి దూడలు పుట్టవు. కోడెకు ఉంటుంది, పుడతాయి. అంటే ఆ హార్మోను ఎంత ఎక్కువుంటే పంట అంత ఎక్కువ. ఇంత సులువు లెక్క డాక్టరమ్మకు తట్టలేదేంటి? ఇలా అనుకున్నాను. వెయ్యి మందిని చంపితే అరవైద్యుడు అంటారు. నేను ఒక్కణ్ణి కూడా చంపకుండానే పూర్తి వైద్యుణ్ణి అయిపోయాను.

మా ఊళ్ళో కొంటే తెలిసిపోతుందని, అత్తగారింటికి వెళ్ళినప్పుడు మాచర్లలో ఒక మందుల షాపులో ఆ మగ హార్మోను సూదులు తెచ్చుకున్నాను. షాపువాడు డాక్టరు చీటీ అడగలేదు, ఎవరికో నేను చెప్పలేదు. చెయ్యి తిరిగినవాణ్ణి, ఎవరి సాయం అక్కర్లేదు. పదిహేను రోజులకొకటి, గొడ్లపాకలో నిలబడి తొడకు నేనే పొడుచుకున్నాను. భార్యకు చెప్పలేదు. చెబితే "మేడం చెప్పిందా?" అని ఒక్క మాట అడుగుతుంది.

గుణం కనిపించింది! భుజాలు పొంగాయి. గడ్డం గరుకెక్కింది. మిరప బస్తా ఒంటిచేత్తో లేపాను. పెదనాన్న కూడా, "ఏందిరా డాక్టరా, కోడెలాగా తయారయ్యావు" అన్నాడు. ఆ మాటకు మొదటిసారి నాకు కోపం రాలేదు.

మిరప కోతలప్పుడు రెండో పరీక్షకు వెళ్ళాం. రిపోర్టు డాక్టరమ్మ చేతిలోకి వచ్చింది. ఆమె రెండుసార్లు చదివింది. "ఒక్కటి కూడా లేదండీ" అంది మెల్లగా.

ఆమె ఏదో చెబుతోంది. రక్తపరీక్ష చేయాలట, అవసరమైతే లోపలి ముక్క తీసి చూడాలట, ఏమీ లేకపోతే దాత సంగతి ఆలోచించాలట. దాత! ఇరవై ఏళ్ళుగా ఊరందరి గేదెలకూ ఎక్కడో ఉన్న దున్నపోతుల్ని దాతలుగా తెచ్చినవాణ్ణి, ఆ మాట నా గురించి వినేసరికి కుర్చీలో కుంచించుకుపోయాను.

సత్తెనపల్లిలో బస్సు మారేటప్పుడు నా భార్య జామకాయ కొని, ఉప్పూ కారం రాయించి, సగం నా చేతిలో పెట్టింది. "తినయ్యా. మనకి మనం ఉన్నాం. ఎట్టయితే అట్టే అవుద్ది" అంది. మర్నాడు పిట్టగోడ అవతల పిన్ని అడుగుతోంది, "ఏమన్నారే పేటలో?" అని. "నాలోనే ఏదో ఉందంట అత్తా" అంటోంది నా భార్య. నేను ఇవతల క్యాన్‌లో నత్రజని కొలుస్తూ అలాగే నిలబడిపోయాను. నింద తన మీద వేసుకుంటోంది, ఎవరూ అడక్కుండానే. సిగ్గుతో చచ్చిపోయాననుకోండి.

అయినా బుద్ధి వచ్చిందా? రాలేదు. మందు చాల్లేదేమోనని ఆ వారం ఇంకో సూది పొడుచుకున్నాను. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట వెనకటికొకడు. వాడు నాకు చుట్టమే అయివుంటాడు.

రక్తపరీక్ష ఫలితం చూపించడానికి మూడోసారి పేట వెళ్ళిన రోజు, నా భార్య ఒక పెద్ద సంచీ పట్టుకుని బయల్దేరింది. ఏందే అంత బరువు అంటే, "పేటలో ఒకాళ్ళకి జాకెట్లు ఇయ్యాలి" అంది. నేను పట్టించుకోలేదు.

డాక్టరమ్మ రిపోర్టు బల్ల మీద పెట్టింది. తర్వాత ఒక మందుల చీటీ వెనక్కి తిప్పి బొమ్మ గీసింది.

"వృషణం లోపల ఇలా సన్నటి గొట్టాలు మెలికలు తిరిగి ఉంటాయి. గొట్టం గోడను ఆనుకుని దాది కణాలుంటాయి. వీర్యకణాలు పసివిగా ఉన్నప్పటినుంచీ వాటి ఒడిలోనే పెరుగుతాయి. దాది ఊరికే అన్నం పెట్టడం కాదండీ, ఒంట్లో కాపలా తిరిగే కణాలు వీటిని పరాయివనుకుని చంపకుండా అడ్డుగోడ కట్టేదీ అదే. ఆ పసికణాలు కూడా ఊరుకోవు. నేనింత పెరిగాను, ఇప్పుడు నాకిది కావాలి అని దాదికి కబురు పెడతాయి. దాన్నిబట్టి అది పని మార్చుకుంటుంది."

గొట్టాల సందుల్లో నాలుగు చుక్కలు పెట్టింది. "ఇవి మగ హార్మోను చేసే కణాలు. గొట్టం పక్కనే ఉంటాయి కాబట్టి, అక్కడ ఆ హార్మోను రక్తంలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువుంటుంది. అంత ఉంటేనే దాది కణం పని చేయగలదు. వీటన్నిటికీ పైనుంచి, మెదడు కింద చిన్న గ్రంథి ఉంటుంది. అది సందుల్లో కణాలకో కబురు, దాదికో కబురు పంపుతుంది. దాది తిరిగి పైకి కబురు పంపుతుంది, ఇక్కడ పని ఇంత జరుగుతోందని. ఇదంతా ఒకరితో ఒకరు మాట్లాడుకోవడమే. ఎవరు నోరు మూసినా పంట ఆగిపోతుంది."

కలం పక్కన పెట్టి రిపోర్టు నా వైపు తిప్పింది. "మీ పై గ్రంథి రెండు కబుర్లూ ఆపేసింది. అడుగంటిపోయాయి. కబురే లేనప్పుడు మగ హార్మోను తయారు కాకూడదు. కానీ మీ రక్తంలో అది పొంగిపొర్లుతోంది. మరి ఎక్కడినుంచి వస్తోంది? ఏమైనా సూదులు తీసుకున్నారా?"

తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. పక్కన నా భార్య నా వైపు చూడలేదు. బల్ల మీది బొమ్మనే చూస్తోంది. సంచీ ఒడిలో పెట్టుకుని, దాని చెవులు రెండు చేతులతో బిగించి పట్టుకుంది.

"లేదండీ" అన్నాను.

డాక్టరమ్మ నిట్టూర్చింది. "ఎందుకు అడుగుతున్నానంటే, బయటినుంచి హార్మోను వేసుకుంటే పై గ్రంథి రక్తం నిండా ఉందిగదా అని కబురు మానేస్తుంది. సందుల్లో కణాలు చెయ్యి కడిగేసుకుంటాయి. రక్తంలో నిండుగా ఉంటుంది గానీ గొట్టం దగ్గర కరువు. దాది దగ్గర పసికణాలు పెరగలేక రాలిపోతాయి. సూది మానేస్తే చాలామందికి మళ్ళీ మొదలవుతుంది. సూదులు కాదంటే మాత్రం నేను మెదడు స్కానింగుకి రాయాలి, వేరే రోగాలు వెతకాలి."

బయటినుంచి పొడిస్తే ఒళ్ళు ఆ సంగతే మర్చిపోతుంది.

నా గొంతే నాకు వినబడింది. పిన్ని మొహం, ఆ గేదె, పొదుగు కింద ఊరికే కుమ్మి కుమ్మి అలిసిపోయిన దూడ, అన్నీ కళ్ళ ముందుకొచ్చాయి. ఊరందరినీ తిట్టిన తిట్లన్నీ తిరిగొచ్చి నా నెత్తిన పడ్డాయి. ఒరేయ్ వెధవా, నువ్వు చేసుకున్నదీ అదే గదరా!

"వేసుకున్నా మేడం" అన్నాను. "నాలుగున్నర నెలలనుంచి. నేనే పొడుచుకున్నా. మాచర్లలో తెచ్చుకున్నా. ఎక్కువ పంట వస్తదనుకున్నా." ఆ తర్వాత ఏడుపొచ్చింది. నలభై రెండేళ్ళ మనిషిని, డాక్టరమ్మ ముందు, పెళ్ళాం ముందు, ముక్కు చీదుకుంటూ ఏడ్చాను. "దీనికేం తెలియదు మేడం. దీని తప్పేం లేదు. తొమ్మిదేళ్ళు దీన్నే చూపిస్తా తిరిగా."

డాక్టరమ్మ తిట్టలేదు. తిడితే బాగుండేది. సూది ఇకపై ముట్టుకోవద్దని, పసికణం పెరిగి పెద్దదవడానికే రెండున్నర నెలలు పైన పడుతుందని, తొందర పడకుండా ఓపిక పట్టమని చెప్పింది. నా భార్య సంచీ చెవులు వదిలేసింది.

బస్టాండులో మాచర్ల బస్సు, సత్తెనపల్లి బస్సు పక్కపక్కన ఆగి ఉన్నాయి. తను ఒక్క క్షణం ఆగింది. తర్వాత సత్తెనపల్లి బస్సెక్కి నా కోసం చోటు పట్టింది. "జాకెట్లు ఇయ్యలేదేమే?" అన్నాను. "ఆళ్ళు ఊళ్ళో లేరంట" అంది. సంచీ ఇంటికి తిరిగొచ్చి బీరువా మీదికెక్కింది.

ఆ తర్వాతి నెలలు ఎలా గడిచాయో చెప్పను, చెప్పడానికి ఏమీ జరగలేదు కాబట్టి. పొంగిన భుజాలు దిగిపోయాయి. ఒంట్లో ఓపిక లేక మధ్యాహ్నాలు పడుకునేవాణ్ణి. నీరసానికి చిరాకు, చిరాకుకు కోపం. మిగిలిన సూదుల్ని భార్య ఎదురుగానే పగలగొట్టి గోతిలో పూడ్చాను. అంతకు ముందు ఏదైనా నాలో నేనే లెక్కలేసుకునేవాణ్ణి, ఇప్పుడు ప్రతిదీ నోరు విప్పి చెప్పడం నేర్చుకున్నాను. "ఈ రోజు భయమేసిందే" అనేవాణ్ణి. మిషను ఆపకుండానే "ఊఁ" అనేది. పిట్టగోడ దగ్గర పిన్నికి కూడా నేనే చెప్పాను, "తనలో ఏం లేదు పిన్నీ, లోపం నాది, చేసింది నేను" అని. పిన్ని బుగ్గలు నొక్కుకుంది. "నా గేదెకి చెప్పినోడివి, నీకు నువ్వు చెప్పుకోలేకపోయావా అబ్బాయా?" అంది.

పత్తి తీతలు మొదలైనప్పుడు మళ్ళీ పరీక్ష చేయించుకున్నాం. రిపోర్టులో కణాలున్నాయి. ఎక్కువేం కాదు, మొదటి రిపోర్టంత కూడా లేవు. కానీ ఉన్నాయి, కదులుతున్నాయి. "మాట్లాడుకోవడం మొదలుపెట్టాయండీ" అని డాక్టరమ్మ నవ్వింది. బిడ్డ పుడుతుందని మాట ఇవ్వలేదు. మేమూ అడగలేదు.

ఇంటికొచ్చాక నా భార్య స్టూలెక్కి బీరువా మీది సంచీ దించింది. ఎనిమిది నెలల దుమ్ము దులిపి మంచం మీద బోర్లించింది. జాకెట్లు కావు. తన చీరలు ఆరు, తన పదో తరగతి సర్టిఫికెట్టు, తన ఆధార్ కార్డు, పుట్టింటివాళ్ళు పెట్టిన వెండి కుంకుమభరిణె. అడుగున ఒక పాత రుమాలులో చుట్టి, నేను గొడ్లపాకలో పారేసిన ఖాళీ సూదిమందు సీసా.

సీసా చేతిలోకి తీసుకున్నాను. "నీకు ముందే తెలుసా?"

"సంక్రాంతి ముందే పేడ ఎత్తేటప్పుడు దొరికింది. మందుల షాపులో చూపిచ్చి అడిగా, ఏందో చెప్పారు."

"మరి అడగలేదేమే?"

"నేనడిగితే నువ్వు అరుస్తావు. నువ్వే చెప్తావేమోనని చూశా. పిట్టగోడ కాడ తప్పు నామీదేసుకున్నప్పుడన్నా చెప్తావనుకున్నా. చెప్పలా." చీరలు ఒక్కొక్కటే మడత సరిచేస్తోంది. "ఆ రోజు మేడం దగ్గర నువ్వు లేదండీ అన్నప్పుడు, ఇక మాచర్ల బస్సే అనుకున్నా. ఆ తర్వాతన్నా నిజం చెప్పటానికి నోరు తెరిచావు, సరిపోయింది."

"అప్పుడే విప్పెయ్యొచ్చుగా. ఇన్నాళ్ళు ఎందుకు ఉంచావు?"

"గేదె ఒక్కరోజు చేపితే సూది మానినట్టా?" అంది.

ఎనిమిది నెలలు నేను ఆ బీరువా పక్కనే పడుకున్నాను. వెళ్ళిపోవడానికి సర్దిన సంచీ కింద, ఒక్క రాత్రి కూడా తల పైకెత్తి చూడకుండా నిద్రపోయాను. తను బీరువా తలుపు తెరిచి నా చొక్కాలు ఒక పక్కకు జరిపింది. నేను చీరలు ఒక్కొక్కటే అందించాను. ఆరోది అందించేటప్పుడు నా చెయ్యి పట్టుకుని, కాసేపు వదల్లేదు.